విమానంలో తెర ఎక్కడ కట్టాలి?

1958 ఏప్రిల్‌లో అట్లాంటిక్ దాటే విమానాల్లో ఎకానమీ క్లాసు మొదలైంది. మొదలైన కొద్ది రోజులకే కంపెనీల మధ్య పెద్ద తగాదా వచ్చింది. దేని గురించి అంటే, శాండ్‌విచ్ గురించి!

అప్పట్లో అంతర్జాతీయ టికెట్ల ధరలను విమాన సంస్థల సంఘమైన ఐయాటా ఖరారు చేసేది. అందరి ధరా ఒకటే అయినప్పుడు పోటీ పడటానికి మిగిలేవి భోజనం, మర్యాదలే. అందుకే చవక టికెట్ తెచ్చినప్పుడు అందులో ఏం వడ్డించాలో కూడా రాసిపెట్టారు. వేడి భోజనం కూడదు, చల్లటి శాండ్‌విచ్‌తో సరిపెట్టాలి. స్కాండినేవియా వారి ఎస్‌ఏఎస్ ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. అయితే డెన్మార్క్‌లో శాండ్‌విచ్ అంటే అడుగున ఒక్క రొట్టె ముక్క, దాని మీద గుట్టగా చేప, మాంసం, గుడ్డు. కడుపు నిండిపోతుంది. అమెరికా కంపెనీ పానామ్ మండిపడి ఫిర్యాదు చేసింది. ఎస్‌ఏఎస్‌కు జరిమానా పడింది, దానికి మించిన ప్రచారమూ దక్కింది.

నవ్వొచ్చే గొడవే గానీ, విమానంలో తరగతుల గుట్టంతా ఇక్కడే ఉంది. చవక సీటు మరీ సుఖంగా ఉంటే ఖరీదైన సీటు ఎవరు కొంటారు? అంతకు వందేళ్ల ముందే ఫ్రెంచ్ ఇంజనీరు జూల్ ద్యుప్యుయి రైళ్ల విషయంలో ఈ సంగతి పసిగట్టాడు. మూడో తరగతి పెట్టెకు కప్పు వేయనిది ఖర్చుకు వెరచి కాదనీ, రెండో తరగతికి డబ్బు పెట్టగలిగినవాడు అందులోకి ఎక్కకుండా చూడటానికేననీ రాశాడు.

తొలినాళ్ల విమానాల్లో ఈ బెడద పెద్దగా లేదు, డబ్బున్నవాళ్లే ఎక్కేవారు. 1948లో క్యాపిటల్ ఎయిర్‌లైన్స్ షికాగో, న్యూయార్క్‌ల మధ్య రాత్రిపూట చవక సర్వీసు నడిపింది. 1952లో అట్లాంటిక్ మీద టూరిస్టు క్లాసు వచ్చింది. దిగువ అరలు ఇలా ఒక్కొక్కటిగా చేరుతూ పోయాయి.

బిజినెస్ క్లాసు పుట్టుక మాత్రం వేరు. 1970లో జంబో జెట్ 747 వచ్చాక నింపాల్సిన సీట్లు ఒక్కసారిగా పెరిగాయి. వాటికోసం రకరకాల రాయితీలు ఇచ్చారు. దాంతో ఆఖరి నిమిషంలో పూర్తి ధర పెట్టి ఎక్కిన వ్యాపారి, నెలల ముందే చవగ్గా కొన్న విద్యార్థి పక్కపక్కనే కూర్చుని ఒకేరకం ట్రేలో తినాల్సి వచ్చింది. వ్యాపారికి ఒళ్లు మండింది. అతన్ని బుజ్జగించడానికి ఎకానమీలోనే ముందు వరసలను విడదీసి మధ్యన తెర కట్టారు. 1978లో పానామ్ దానికి క్లిప్పర్ క్లాసు అని పేరు పెట్టింది, మరుసటి ఏడాది క్వాంటస్ బిజినెస్ క్లాసు అంది. 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఆ క్లాసులో పూర్తిగా పడుకునే పరుపే వేసింది. అంతలోనే కిందకీ పైకీ మధ్య దూరం మరీ పెరిగిందని ప్రీమియం ఎకానమీ అంటూ ఇంకో అర కట్టారు.

ఇక కార్డుల కథ. 1978 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం దేశీయ విమాన ధరల మీద అదుపు వదిలేసింది. ఎవరు పది డాలర్లు తగ్గిస్తే ప్రయాణికుడు అటే పోతాడు. అతన్ని కట్టిపడేయడం ఎలా? అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన సేబర్ రిజర్వేషన్ కంప్యూటర్‌లో పదే పదే కనిపించే ఫోన్ నంబర్లను ఏరింది. ఆ నంబర్ల వాళ్లనే తొలి సభ్యులుగా చేర్చుకుని 1981 మే 1న, ఎగిరిన దూరాన్ని మైళ్లుగా జమచేసి బహుమతి ఇచ్చే అడ్వాంటేజ్ పథకం ప్రారంభించింది. యునైటెడ్ కొద్ది రోజుల్లోనే అదే బాట పట్టింది. టికెట్ డబ్బు ఆఫీసుది, మైళ్లు మాత్రం ఉద్యోగివి. మొహమాటం లేకుండా చెప్పాలంటే, ఇది గుమాస్తాకు ముట్టే కమీషన్.

మైళ్లు కూడబెట్టుకోవచ్చు, తరచూ ఎగిరేవాళ్లకు కార్డుతో ఇచ్చే హోదాకు ఆ వీలు లేదు. సిల్వర్, గోల్డ్, ప్లాటినం ఏదైనా సాధారణంగా ఏడాది గడువుకే. నిలుపుకోవాలంటే మళ్లీ ఎగరాలి. హోదా తగ్గిపోతుందన్న దిగులుతో ఏడాది చివర్లో పని లేకపోయినా విమానమెక్కి తిరిగొచ్చేవాళ్లున్నారు. 2015లో డెల్టా, యునైటెడ్‌లు మైళ్లను దూరం లెక్కన ఇవ్వడం మానేసి, పెట్టిన ఖర్చును బట్టి ఇవ్వసాగాయి. విశ్వాసం అన్న మాట పక్కకు జరిగి అసలు లెక్క బయటపడింది.

2014 జులైలో ఎయిర్ ఇండియా విమాన సంస్థల కూటమి అయిన స్టార్ అలయన్స్‌లో చేరడంతో దాని గోల్డ్ కార్డు లుఫ్తాన్సా, యునైటెడ్‌లలోనూ చెల్లుబాటైంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు తల్లిదండ్రుల్లో చాలామందికి లాంజ్ సోఫా కన్నా ఆ కార్డు ఇచ్చే అదనపు సామాను ముఖ్యం. పచ్చళ్ల బరువు వాళ్లకే తెలుసు.

మన దేశంలో ఈ తెర తీసేసినవాళ్లూ ఉన్నారు. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ ఒకే క్లాసుతో మొదలైంది, తిండి కావాలంటే కొనుక్కోవాల్సిందే. 2006 ఆగస్టులో ఇండిగో కూడా అదే పద్ధతిలో వచ్చి, క్రమంగా దేశంలోకెల్లా పెద్ద సంస్థ అయింది. అలాంటి ఇండిగో 2024లో బ్లూచిప్ పేరుతో పాయింట్ల పథకం పెట్టింది. ఆ నవంబరులోనే ఢిల్లీ, ముంబై మధ్య తిరిగే విమానాల్లో ముందు భాగాన అటు రెండు, ఇటు రెండు చొప్పున పన్నెండు వెడల్పాటి సీట్లు బిగించింది.