1948 జూలై 5 వెనుక నలభై ఏళ్లు

1948 జూలై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. మాంచెస్టర్ దగ్గరి పార్క్ ఆసుపత్రిలో ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్ దానికి శ్రీకారం చుట్టారు. డాక్టరు ఫీజు, మందుల ఖర్చు, ఆసుపత్రి బిల్లు, ఏదీ రోగి చేతి నుంచి కట్టనక్కర్లేకపోయింది. ఆ రోజు రావడానికి నలభై ఏళ్లు పట్టింది. ఒక్కో చట్టం కొందరిని ఆదుకుంది, కొందరిని వదిలేసింది. వదిలేసినవాళ్ల బాధే తర్వాతి చట్టానికి దారి తీసింది.

మొదటి మలుపు 1909 జనవరి 1. 70 ఏళ్లు నిండిన పేదలు పోస్టాఫీసుకు వెళ్లి వారానికి 5 షిల్లింగుల దాకా పింఛను అందుకున్నారు. అంతకుముందు గతిలేని ముసలివాళ్లకు మిగిలింది పేదలను ఉంచి పని చేయించే వర్క్‌హౌసే. పేదల చట్టం కింద సాయం తీసుకుంటే ఓటు పోయేది. పింఛనుకు ఆ మచ్చ అంటలేదు. దీనికి డబ్బు కావాలని ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ ధనికుల మీద, భూముల మీద పన్నులు ప్రతిపాదించారు. ప్రభువుల సభ ఆ బడ్జెట్‌ను తోసిపుచ్చింది. ఆ గొడవ మీదే 1910లో రెండుసార్లు ఎన్నికలు జరిగాయి. చివరికి 1911 పార్లమెంటు చట్టం ద్రవ్య బిల్లులను అడ్డుకునే అధికారం ప్రభువుల నుంచి తీసేసింది.

అదే ఏడాది జాతీయ బీమా చట్టం వచ్చింది. వారానికి కార్మికుడు 4 పెన్నీలు, యజమాని 3, ప్రభుత్వం 2 వేస్తే, జబ్బు చేసినప్పుడు కార్మికుడికి డాక్టరూ భత్యమూ దొరికేవి. అతని భార్యాపిల్లలకు మాత్రం ఆ డాక్టరు లేడు. ఇంట్లో అందరికీ వండిపెట్టే మనిషి తన జబ్బును దాచుకుని తిరగాల్సి వచ్చేది. అప్పటికి ఆమెకు ఓటూ లేదు. 1918లో 30 ఏళ్లు దాటిన స్త్రీలలో కొందరికి, 1928లో పురుషులతో సమానంగా 21 ఏళ్లకే అందరికీ ఓటు వచ్చింది.

1930ల మాంద్యం మరో లోటును బయటపెట్టింది. ఓడల కర్మాగారం మూతపడిన జారో పట్టణం నుంచి 1936 అక్టోబరులో 200 మంది పని ఇప్పించమని లండన్ దాకా నడిచారు. ప్రధాని బాల్డ్విన్ వారిని కలవలేదు. నిరుద్యోగ భృతి ఇచ్చే ముందు అధికారులు ఇంటిల్లిపాది ఆదాయం ఆరా తీసేవారు. కొడుకు నాలుగు రాళ్లు సంపాదిస్తే తండ్రి భృతి తగ్గేది. ఆ అవమానాన్ని ఒక తరం మరిచిపోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1942 డిసెంబరులో, సామాజిక బీమాపై ఆర్థికవేత్త విలియం బెవరిడ్జ్ నివేదిక వెలువడింది. లేమి, రోగం, అజ్ఞానం, మురికి, నిరుద్యోగం అనే ఐదుగురు రాక్షసులతో ఒకేసారి పోరాడాలన్నది ఆయన వాదన. ప్రభుత్వ నివేదికను జనం ఎగబడి కొన్నారు. 1945 జూలై 5న ఓటేసి, యుద్ధం గెలిపించిన చర్చిల్‌ను కాదని, అట్లీ నాయకత్వంలోని లేబర్ పార్టీకి 393 స్థానాలు కట్టబెట్టారు.

ఆ ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి అయిన బెవన్ వేల్స్‌లోని ట్రెడెగర్ బొగ్గుగనిలో పనిచేసిన మనిషి. అక్కడి కార్మికులు చందాలు వేసుకుని సొంత వైద్య సంఘం నడుపుకోవడం ఆయన కళ్లారా చూశారు. ఊరు చేయగలిగింది దేశమూ చేయగలదని నమ్మారు. 1948 ఫిబ్రవరిలో వైద్యుల సంఘం జరిపిన ఓటింగులో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆయన ఆరోగ్య సేవ పథకాన్ని వ్యతిరేకించారు. ఆసుపత్రి నిపుణులకు ప్రైవేటు వైద్యం చేసుకునే వీలిచ్చి, మిగిలినవాళ్లకు జీతగాళ్లుగా మార్చబోమని హామీ ఇచ్చి బెవన్ గండం గట్టెక్కారు. లేబర్‌కు ఓటేసి సరిగ్గా మూడేళ్లు నిండిన రోజున కార్మికుడి భార్యకూ డాక్టరు దొరికాడు.

1951లో కళ్లద్దాలకు, కట్టుడు పళ్లకు రుసుము పెట్టబోతే బెవన్ మంత్రి పదవి వదులుకున్నారు. అయినా వ్యవస్థ నిలిచింది. దాన్ని నిలబెట్టినవాళ్లలో కరీబియన్ దీవుల నర్సులూ, భారత ఉపఖండం నుంచి వెళ్లిన డాక్టర్లూ ఉన్నారు. విశాఖ, గుంటూరు, హైదరాబాద్ వైద్య కళాశాలల్లో చదివిన తెలుగువాళ్లూ వారిలో ఉన్నారు.

ఈ నలభై ఏళ్లూ నేర్పేది ఒకటే. సంక్షేమ చట్టం విలువ తేలేది అది ఎందరికి అందిందో లెక్కపెట్టినప్పుడు మాత్రమే కాదు. ఎవరు బయట మిగిలారో అడగాలి, వాళ్లను లోపలికి తెచ్చేదాకా ఆ ప్రశ్న మానకూడదు. 1948 అలా అడిగి సాధించుకున్న సంవత్సరం.