విలియం కింగ్ వర్ణించిన షేల్‌లు – వాయునిల్వ భావన పరిణామం

ప్రస్తావన

పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నేల కింద ప్రధానంగా ఉన్నవి గ్రానైట్, నైస్ శిలలు. అక్కడినుంచి తూర్పుగా అవుకు, నంద్యాలల వైపు వెళ్తే కర్నూలు అవక్షేప శిలలు కనిపిస్తాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872 నాటి నివేదికలో అవుకు షేల్, నంద్యాల షేల్‌లను వర్గీకరించాడు. 1880లో గోదావరి తీరప్రాంత నివేదికలో రాఘవపురం షేల్‌ను వర్ణించాడు. మూడింటికీ ఆయన వాడిన శిలానామం ఒక్కటే. అయితే ఇటీవలి షేల్ వాయు అంచనాలలో చోటు దక్కింది కృష్ణా-గోదావరి బేసిన్‌కే. ఒకే పేరుగల శిలల మధ్య ఈ భేదం ఎలా ఏర్పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సేంద్రియ పదార్థం

షేల్ అనే పేరు రేణువుల సూక్ష్మతను, పొరలుగా చీలే గుణాన్ని మాత్రమే తెలుపుతుంది. వాయువు ఉన్నదీ లేనిదీ చెప్పదు. కర్నూలు షేల్‌లు నేలపై వృక్షాలు పుట్టకముందటివి. గోదావరి ప్రాంతంలో భూగర్భాన ఉన్న పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం శిలలలో షేల్‌తో పాటు బొగ్గు పొరలూ ఉన్నాయి. అవి వృక్షావశేషాల ఫలితం. పూడుకుపోయిన సేంద్రియ పదార్థం వేడికి పరిపక్వమై వాయువును ఇస్తుంది. ఆ క్రమంలో దానిలోనే అతిసూక్ష్మ రంధ్రాలు ఏర్పడతాయి. అమెరికాలోని బార్నెట్ షేల్‌పై 2009లో వెలువడిన సూక్ష్మదర్శిని పరిశీలనలు దీనిని స్పష్టం చేశాయి. కొంత వాయువు రంధ్రాలలో స్వేచ్ఛగా ఉంటుంది; కొంత వాటి గోడలకు అంటుకొని ఉంటుంది. ఈ అధిశోషణను లెక్కించడానికి లాంగ్‌మ్యూర్ 1918లో ప్రచురించిన సమీకరణమే నేటికీ ఆధారం.

బంకమట్టి ఖనిజాలు

పత్తికొండ రైతుకు నల్లరేగడి స్వభావం తెలుసు: వానకు ఉబ్బుతుంది, వేసవికి నెర్రెలు విచ్చుతుంది. దానికి కారణమైన స్మెక్టైట్ వంటి ఖనిజాలు షేల్‌లోనూ ఉండవచ్చు. వాటి ఉపరితల వైశాల్యం అధికం కనుక పొడిస్థితిలో వాయువును బాగానే పట్టుకుంటాయి. కాని భూగర్భంలో ఆ స్థానాలను ముందుగా నీరు ఆక్రమిస్తుంది. అందువల్ల ఎండబెట్టిన నమూనాపై చేసిన కొలత నిల్వను ఎక్కువచేసి చూపే ప్రమాదం ఉంది. పైగా బంకమట్టి పాలు పెరిగేకొద్దీ శిల పెళుసుదనం తగ్గి, పగుళ్లు నిలవడం కష్టమవుతుంది. నిల్వ ఉండటం వేరు, వెలికివచ్చే వీలుండటం వేరు.

అంచనాల అంతరం

అమెరికా భూవిజ్ఞాన సర్వే 2011లో కాంబే, కావేరి, కృష్ణా-గోదావరి బేసిన్‌లలో వెలికితీయగల షేల్ వాయువును సగటున 6.1 లక్షల కోట్ల ఘనపుటడుగులుగా అంచనా వేసింది. అదే దేశపు ఇంధన సమాచార సంస్థ 2013 నివేదిక దామోదర్ లోయను కూడా కలిపి 96 లక్షల కోట్లు అన్నది. ఒక బేసిన్ చేరినంత మాత్రాన ఇంత తేడా రాదు; పద్ధతులు, ఊహించుకున్న విలువలు వేరు. పగుళ్లు కొట్టే విధానానికి నీరు విస్తారంగా కావాలి. కనుక డెల్టా సాగునీటిపై తీసుకునే నిర్ణయాలకు ఈ అంకెలు ఆధారమైనప్పుడు వాటి పునాదిని ప్రశ్నించక తప్పదు.

ముగింపు

కింగ్ శిలలకు పేర్లు పెట్టి, వాటి క్రమాన్ని నిర్ణయించాడు. తరువాతి శతాబ్దపు పరిశోధన వాటి అంతర్నిర్మాణాన్ని చదివింది. షేల్ విస్తీర్ణాన్ని మందంతో గుణించి సంపదను లెక్కించడం పటాన్ని చదవడమే అవుతుంది, శిలను చదవడం కాదు. సేంద్రియ కర్బన శాతం, దాని పరిపక్వత, బంకమట్టి రకం, నీటి స్థితి – ఈ నాలుగూ చెప్పని అంచనాను పరిశోధకులు అసంపూర్ణంగానే పరిగణించాలి.