అచ్చుకు ముందు సొంత వ్రాతప్రతిని సరిచూసుకోవడం

బళ్ళారి జిల్లా సిరుగుప్ప ప్రాంతంలో అనేక కుటుంబాలకు ఇంట తెలుగు, బడిలో కన్నడం. అందువలన ఇక్కడ వ్రాసే తెలుగులో ఒక ప్రత్యేకమైన తప్పు దొర్లుతుంటుంది. కన్నడంలో ‘అవసర’ అనగా తొందర. తెలుగులో ‘అవసరం’ అనగా అక్కర. నవలను కన్నడిగులు ‘కాదంబరి’ అంటారు. తెలుగు పాఠకునికి అది బాణుని గ్రంథం. ఇటువంటివి వ్రాసినవారి కంటికి ఆనవు. ఆదోని వైపు తెలుగు బడిలో చదివిన బంధువు చేత ఒకసారి చదివించుకోవడం మేలు.

వ్రాతప్రతి ముగియగానే దిద్దడానికి కూర్చోరాదు. సొంత వ్రాతలో కన్ను ఉన్నదానిని కాక, ఉండవలసినదానిని చదువుతుంది. రెండు మూడు వారాలు పక్కన ఉంచి, ఆపై బిగ్గరగా చదవాలి. మొదటిసారి విషయం, వరుస మాత్రమే చూడాలి. తీసివేయబోయే పుటలలో ఒత్తులు దిద్దడం వృథా శ్రమ. ద–ధ, ల–ళ, శ–ష వంటివి చివరిసారికి. కుటుంబ చరిత్ర అయితే పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు వేరొక కాగితంపై ఎక్కించి పోల్చాలి. ముత్తాత పేరు రెండు పుటలలో రెండు విధాలుగా పడితే మునిమనుమలకు ఆయన ఇద్దరు మనుషులవుతారు.

వేమన పద్యాలను 1829లో అచ్చువేయించిన సి.పి. బ్రౌన్ పండితుల చేత పలు ప్రతులను పోల్చి చూపించేవారు. ఇంటివద్దనైనా ఒకరు మూలం చదువుతుండగా మరొకరు అచ్చు నమూనాను చూడవచ్చు. పాత అను ఫాంటు ఫైలును యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు జారిపోతుంటాయి కనుక అప్పుడు ఈ పని తప్పనిసరి.