కోళ్ల ఫారాల మధ్య బర్డ్ ఫ్లూ వ్యాప్తి

బర్డ్ ఫ్లూ (ఏవియన్ ఇన్‌ఫ్లుయెంజా) పక్షులకు సోకే వైరస్ వ్యాధి. ఈ వైరస్‌ను దూరప్రాంతాలకు వలస బాతులు మోసుకొనివచ్చినా, ఒక ఫారం నుండి మరొక ఫారానికి చేరవేసేది చాలావరకు మనుషుల రాకపోకలే. వ్యాధి సోకిన కోడి రెట్టలోను, ముక్కు స్రావాలలోను వైరస్ వెలువడుతుంది. చల్లని తడి రెట్టలో అది వారాల తరబడి నిలిచి ఉండగలదు. దాణా లారీల చక్రాలు, పనివారి చెప్పులు, ఎరువు తరలించే వాహనాలు దీనికి వాహకాలు. గుడ్ల ట్రేలు మరీ ప్రమాదకరం. అవి పలు ఫారాలు తిరుగుతాయి. గుడ్లు శుభ్రంగా కనిపించినా, ట్రే అడుగున ఎండిన రెట్ట కొంచెమున్నా చాలును. కోళ్లు చనిపోవడం మొదలయ్యే లోపే ట్రేలు మరొక ఫారం చేరిపోతాయి.

2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారం ఫారాలలో హెచ్5ఎన్1 రకం వైరస్ ఉన్నట్లు భోపాల్ ప్రయోగశాలలో నిర్ధారణ అయినది. అప్పుడు 1 కిలోమీటరు పరిధిని వ్యాధిగ్రస్త ప్రాంతంగాను, 10 కిలోమీటర్ల పరిధిని నిఘా ప్రాంతంగాను ప్రకటించి కోళ్ల, గుడ్ల రవాణాను నియంత్రించారు.