ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్: బస్తర్ చివరి పాలకుడు

నేటి ఛత్తీస్‌గఢ్ దక్షిణ ప్రాంతంలోని బస్తర్‌కు ఓరుగల్లుతో అనుబంధం ఉంది. 1323లో కాకతీయ సామ్రాజ్యం పతనమయ్యాక ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని వంశగాథ చెబుతుంది. దంతేశ్వరీదేవి ఆ వంశానికి కులదైవం. ఆ పరంపరలో చివరి పాలకుడు ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్.

ఆయన 1929లో జన్మించారు. తల్లి, బస్తర్ మహారాణి ప్రఫుల్ల కుమారీ దేవి 1936లో లండన్‌లో మరణించడంతో బాల్యంలోనే సింహాసనం దక్కింది. తండ్రి ఒడిశాలోని మయూర్‌భంజ్ రాజవంశీకుడు. భంజ్ దేవ్ అన్న పేరు అటునుంచే వచ్చింది. 1947లో ప్రవీర్‌కు పూర్తి పాలనాధికారాలు లభించాయి. అయితే 1948 జనవరి 1న బస్తర్ భారత యూనియన్‌లో భాగంగా మధ్య పరగణాలలో విలీనమైంది. ఆయన స్వయంగా పాలించిన కాలం కొన్ని నెలలే.

రాజ్యం పోయినా ప్రజల్లో ఆయన పలుకుబడి తగ్గలేదు. బస్తర్‌లో రాజు దంతేశ్వరికి ప్రధాన పూజారి కూడా. డెబ్బై ఐదు రోజుల దసరా ఉత్సవాన్ని ప్రారంభించే ముందు ముళ్ల ఊయలపై ఉన్న బాలిక ద్వారా కాఛన్ దేవి అనుమతి పొందాలి. ఉత్సవాల చివర ఆదివాసులు రథాన్ని కుమ్హడాకోట్‌కు తీసుకుపోతే, రాజు అక్కడికి వెళ్లి వారితో కలిసి కొత్త బియ్యం అన్నం తిని, రథాన్ని తిరిగి తీసుకురావాలి. ఈ బంధం ఏ విలీన ఒప్పందంతోనూ రద్దయ్యేది కాదు.

1953లో ఆయన ఆస్తులను ప్రభుత్వం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అధీనంలోకి తీసుకుంది. 1957లో ఆయన జగదల్‌పూర్ నుంచి మధ్యప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యారు. అనంతరం ఆదివాసుల పక్షాన ప్రభుత్వాన్ని ఎదిరించారు. 1961 ఫిబ్రవరిలో నివారక నిర్బంధ చట్టం కింద ఆయనను అరెస్టు చేశారు. రాజుగా ఆయనకున్న గుర్తింపును రద్దు చేసి, తమ్ముడు విజయ్ చంద్రకు కట్టబెట్టారు. ఇందుకు నిరసనగా మార్చి 31న లోహండీగూడలో గుమికూడిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరపగా పలువురు మరణించారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ప్రవీర్ బలపరచిన అభ్యర్థులు బస్తర్‌లో అత్యధిక స్థానాలు గెలిచారు.

కరవు, ధాన్యం లెవీల నడుమ 1966లో ఉద్రిక్తత పెరిగింది. మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసులు జరిపిన కాల్పుల్లో ప్రవీర్ ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి ఆయన వయసు 36 ఏళ్లు. అధికారిక లెక్క ప్రకారం ఆయనతో కలిపి మృతులు పన్నెండు మంది. ఆ సంఖ్య ఇంకా ఎక్కువేనన్నది స్థానికుల విశ్వాసం. ఈ ఘటనపై జస్టిస్ పాండే కమిషన్ విచారణ జరిపింది.

ఒక రాజును గుర్తించడం, ఆ గుర్తింపును రద్దు చేయడం ప్రభుత్వం చేతిలో ఉన్న పని. దంతేశ్వరి పూజారిగా ఆదివాసులు ఆయనపై ఉంచిన నమ్మకానికి మాత్రం ఆ ఉత్తర్వులు వర్తించలేదు. బస్తర్‌లో చాలామందికి ప్రవీర్ నేటికీ ఆరాధ్యుడే.