బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018)

‘రజని’గా ప్రసిద్ధుడైన బాలాంత్రపు రజనీకాంతరావు తెలుగువారి సంగీత సంప్రదాయాన్ని ఆకాశవాణి ద్వారానూ గ్రంథరూపంలోనూ పదిలపరచిన రచయిత, స్వరకర్త, ప్రసారకర్త. 1920 జనవరి 29న నిడదవోలులో జన్మించిన ఆయన, వేంకట పార్వతీశ్వర కవులుగా పేరొందిన జంటలో ఒకరైన బాలాంత్రపు వేంకటరావు కుమారుడు కావడంతో సాహిత్యం ఆయనకు పుట్టినింటి విద్య అయింది. బాల్యం పిఠాపురంలో గడిచింది.

1941లో మద్రాసు ఆకాశవాణిలో చేరిన రజని రాసి స్వరపరచిన ‘మాదీ స్వతంత్ర దేశం’ గీతాన్ని 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి టంగుటూరి సూర్యకుమారి గానం చేయగా ఆ కేంద్రం ప్రసారం చేసింది. ఉదయవేళ భక్తిగీతాలను వినిపించే ‘భక్తిరంజని’ని తీర్చిదిద్దినవారిలో ఆయన ముఖ్యుడు. విజయవాడ కేంద్రానికి సంచాలకుడిగానూ పనిచేశాడు.

ఆయన కృషిలో అన్నిటికంటె విలువైనది 1958లో వెలువడిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’. వాగ్గేయకారుడంటే పదాన్నీ రాగాన్నీ, అనగా వాక్కునూ గేయాన్నీ, తానే కూర్చేవాడు. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య వంటివారు ఈ కోవకు చెందినవారు. పాట గాలిలో కలిసిపోయేది కనుక దాని చరిత్ర తరచు ఐతిహ్యంగా మిగిలిపోతుంది. స్వయంగా పాట కట్టే వ్యక్తి ఆ చరిత్రను రాయడం వల్ల ఈ గ్రంథంలో సాహిత్య దృష్టి, సంగీత దృష్టి విడివడకుండా సాగాయి. తెలుగులో ఇది అరుదైన కలయిక. ఈ గ్రంథానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

రజని 2018 ఏప్రిల్ 22న విజయవాడలో మరణించాడు.