బ్రిడ్జి: జూదమా? విద్యయా?

పేకముక్కలు చేతబట్టినవానిని పెద్దలు మెచ్చిన కాలము మన యిండ్లలో ఎన్నడును లేదు. బ్రిడ్జి ఆడువారు మాత్రము తాము పేకాటరాయుళ్లము కామనియు, విద్యావంతులమనియు చెప్పుకొందురు. ఈ మాటకు న్యాయస్థానపు ముద్ర పడిన కథ మన సికిందరాబాదులో మొదలైనది.

1963లో అచ్చటి క్రెసెంటు రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుచున్నవారిని పట్టుకొనిరి. మేజిస్ట్రేటు శిక్ష విధించెను. హైకోర్టు విడుదల చేసెను. ప్రభుత్వము సుప్రీంకోర్టు దాక పోయెను. 1967లో తీర్పు వ్రాసిన జస్టిస్ హిదయతుల్లాగారు, రమ్మీ మూడుముక్కలాట వంటిది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలెననియు, ఏది ఉంచవలెనో ఏది విడువవలెనో తెలియుట నేర్పేననియు, అందలి అదృష్టము బ్రిడ్జిలో ముక్కలు పంచునప్పటి అదృష్టము వంటిదేననియు నిర్ణయించిరి. ముద్దాయిల పట్టికలో లేని బ్రిడ్జి, మంచి నడవడికి సాక్షిగా నిలిచి రమ్మీని విడిపించినది!

ఆ సాక్షి వంశచరిత్ర మాత్రము అంత నిర్మలము కాదు. బ్రిడ్జికి మాతృకయైన విస్టు ఆటలో, చేతిలోని పదమూడు ముక్కలలో తొమ్మిదిని మించినది ఒక్కటియు లేకున్నచో ఒకటికి వేయి చొప్పున చెల్లింతునని యార్బరో ప్రభువు పందెము కాసెడివాడట. అట్టి చేయి సుమారు 1828 సార్లకు ఒకసారి గాని రాదు. ప్రభువుగారు చేసినది జూదము కాదు, వర్తకము.

పోటీ బ్రిడ్జిలో అదృష్టమునకు కళ్లెము వేయు ఉపాయము డూప్లికేటు పద్ధతి. ఒక బల్లపై ఆడిన ముక్కలనే చెదరకుండ వేరొక బల్లకు పంపి, ఇతరులచేత ఆడించి ఫలితములను పోల్చుదురు. కావున “ముక్కలు పడలేదు” అను సాకు చెల్లదు. మిగిలిన సాకు భాగస్వామి యొక్కడే! డూప్లికేటు కాని ఆటలోను ఆ సాకు బలమైనదే. 1931–32లో అమెరికాలో కల్బర్ట్‌సన్, లెంజ్ పక్షములకు 150 రబ్బర్ల మహాసమరము జరుగగా, లెంజ్ భాగస్వామి జాకోబీ ఆయనతో పొసగక నడుమనే లేచిపోయెను. 1929లో కాన్సాస్ నగరమున బెన్నెట్ అనునతడు నాలుగు ఇస్పేట్ల కాంట్రాక్టు తప్పగా, కలహము ముదిరి భార్య అతనిని కాల్చి చంపినది. ఇది నవ్వదగిన సంగతి కాదు. కాని ఆ కాంట్రాక్టు నెగ్గదగినదా కాదా యని బ్రిడ్జి పండితులు తీరికగా విమర్శించిరన్న, నవ్వు ఆపుకొనుట కష్టము.

సాలువా నుండి ఖరగ్‌పూరు చేరి హౌరా బండి యెక్కినచో చేరు మహానగరమునందే, ఈ ఆటకు మన దేశమున గొప్ప గౌరవము తెచ్చినవా రున్నారు. 2018లో జకార్తాలో ఆసియా క్రీడలయందు బ్రిడ్జి తొలిసారిగా చేరినప్పుడు, పురుషుల జంటల పోటీలో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ స్వర్ణపతకము గెలిచిరి. పరుగుపందెపు వీరులు ఇరువదియేండ్లకే అలసిపోవు ఆ క్రీడలలో, ఒకరి వయస్సు 60, రెండవవారిది 56.